అంబాసిడర్‌కి నడికట్టు

కొత్త కారెక్కి బెల్టు పెట్టుకోకపోతే టింగ్ టింగ్‌మంటూ ఒకటే గోల. తాతగారి అంబాసిడర్ మాత్రం ఏమీ అనదు. అనడానికి అసలు అందులో బెల్టుంటేగా!

పెళ్లి పిలుపులకు అదే. బెజవాడ ఆసుపత్రికి అదే. పానకాల స్వామి కొండకు చుట్టాలను తీసుకెళ్లాలన్నా అదే. ముందు సీట్లో ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్లో ఇద్దరు పిల్లలు... మంగళగిరిలోనూ చుట్టుపక్కల డెల్టా ఊళ్లలోనూ ఒకప్పుడు అంబాసిడర్ ప్రయాణమంటే ఇంతే. ఆ కార్లలో కొన్ని ఇప్పటికీ వసారాలో గుడ్డ కప్పుకుని ఉన్నాయి. పండక్కి పిల్లలు వచ్చినప్పుడు కవరు తీసి, తుడిచి, ఓ రౌండు కొట్టించాల్సిందే. పట్నంలో పెరిగిన మనవరాలు ఎక్కీ ఎక్కగానే భుజం వెనక చెయ్యి పెట్టి తడుముకుంటుంది. 'తాతయ్యా, బెల్టేదీ?'

'ఇన్నేళ్లూ ఏమయిందే' అని తాతయ్య నవ్వేయొచ్చు. కానీ ఈ ఇన్నేళ్లలో రోడ్డు మారిపోయింది. ఒకప్పటి ఐదో నంబరు హైవే ఇప్పుడు పదహారో నంబరయింది. ఇటు గుంటూరుకు, అటు వారధి దాటి విజయవాడకు వెళ్లే బళ్ల వేగం అంబాసిడర్ పుట్టిననాడు ఎవరూ ఊహించనిది. పాత బండి బ్రేకులేమో ఆనాటివే.

కారు ముందు, బెల్టు తర్వాత

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో దీన్ని మొదలుపెట్టారు. మనం ఇప్పుడు వాడే మూడు చోట్ల బిగించే బెల్టు వచ్చింది 1959లో. స్వీడన్‌లోని వోల్వో కంపెనీ ఇంజినీరు నిల్స్ బోలిన్ దాన్ని రూపొందించాడు. అంతకుముందు ఆయన యుద్ధవిమానాల్లోంచి పైలట్లను బయటికి విసిరే సీట్ల మీద పనిచేసినవాడు. పేటెంటు తమదే అయినా అందరూ వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. అంటే అంబాసిడర్ ఒళ్లు గీసిననాటికి ఈ బెల్టే లేదు. ఇక దానికి చోటెక్కడ పెడతారు?

మన దేశంలో కొత్త కార్ల ముందు సీట్లకు బెల్టులు తప్పనిసరి అయింది 1994లో. కారుతోపాటు వచ్చిన బెల్టు పెట్టుకోకపోతే 2019 సవరణ తర్వాత వెయ్యి రూపాయల జరిమానా. అంతకుముందు తయారై, బెల్టే లేకుండా వచ్చిన కారుకు ఈ బాధ లేదు. చట్టం వదిలేసింది సరే, ఎదురొచ్చే లారీ వదలాలి కదా!

2018 ఆగస్టులో నల్గొండ జిల్లాలో జరిగిన ప్రమాదంలో నందమూరి హరికృష్ణ చనిపోయారు. కారు నడుపుతున్న ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరులో ముంబై దారిలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లో. ఆయనా బెల్టు పెట్టుకోలేదన్నారు. వాళ్ల కార్లలో బెల్టులున్నాయి. తాతగారి కారులో పెట్టుకుందామన్నా లేవు.

బోల్టు బిగిస్తే సరా?

బెల్టు కొనడం పెద్ద పని కాదు. ఆటోనగర్ వెళితే గంటలో దొరుకుతుంది. దాన్ని దేనికి బిగిస్తామన్నదే అసలు సంగతి.

ఒక చిన్న లెక్క చూద్దాం. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దుకుంది. లోపలున్న 60 కిలోల మనిషి అరమీటరు దూరంలో ఆగాలి. ఆ క్షణంలో అతన్ని పట్టి ఆపడానికి కావాల్సిన బలం దాదాపు 1,200 కిలోల బరువుతో సమానం. ఒళ్లో 10 కిలోల పిల్లాడుంటే వాడొక్కడే 200 కిలోలవుతాడు. ఏ తల్లి చేతులూ అంత బరువును పట్టలేవు. పోనీ ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేద్దామా అంటే, తల్లి బరువంతా పిల్లాడి మీదే పడుతుంది. అందుకే కొత్త కార్ల బెల్టు బిగింపులను పరీక్షించేటప్పుడు భుజం పట్టీని, నడుం పట్టీని ఒకేసారి చెరో 1,350 కిలోల బలంతో లాగి చూస్తారు. ఇంట్లో డ్రిల్లుతో పలచటి రేకుకు బెజ్జం పెట్టి బిగించిన బోల్టు అంత లాగుడుకు ఆగదు. కాగితం చిరిగినట్టు రేకును చింపుకుని వచ్చేస్తుంది.

కాబట్టి మొదటి పని బెల్టు కొనడం కాదు... కార్పెట్ ఎత్తడం. సీట్లు విప్పి, కింద అట్టలూ రబ్బరూ తీసేసి, స్క్రూడ్రైవరు పిడితో నేలరేకు మీద తట్టి చూడాలి. కృష్ణా తీరపు చెమ్మ గాలికి నలభై ఏళ్ల బండి అడుగు ఎలా ఉంటుందో తెలిసిందే. ఖంగుమంటే సరే. పొడి రాలిందా, ముందు ఆ తుప్పు పట్టిన మేర కోసేసి కొత్త రేకు వేయించాలి. తుప్పు మీద వెల్డింగ్ నిలవదు. ఇంట్లోనే చేసుకోగలిగిన పనుల్లో ఇది ముఖ్యమైనది. చాలామంది వదిలేసేదీ ఇదే.

తర్వాత కొలతలు. ఇక్కడ అంబాసిడర్ యజమానులకు ఓ అదృష్టం ఉంది. 2014లో ఉత్పత్తి ఆగిపోయేదాకా ఈ కారు ఒంటి తీరు పెద్దగా మారలేదు. 1994 తర్వాత వచ్చిన అంబాసిడర్లకు కంపెనీయే బెల్టులిచ్చింది. కాబట్టి పాత టాక్సీయో, గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన బండో కనిపిస్తే లోపలికి తొంగిచూడాలి. నడిమి స్తంభం మీద పై బోల్టు ఎంత ఎత్తులో ఉంది, కింది బోల్టు ఎక్కడుంది, బకిలు ఎటు వంగి ఉంది... టేపుతో కొలిచి రాసుకుంటే అదే నమూనా. పై బోల్టు భుజానికి సమంగానో, కాస్త పైనో ఉండాలి. కిందికుంటే బెల్టు వెన్నును కుదిస్తుంది. నడుం పట్టీ తుంటి ఎముకల మీద ఆనాలి, పొట్ట మీద కాదు. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్ల ఉబ్బును సర్దుకుని దాని కిందుగా లాక్కోవాలి.

బోల్టు పడే ప్రతిచోటా లోపలివైపు ఉక్కు పలక ఉండాలి. మోటారు పందేల సంస్థ ఎఫ్ఐఏ లెక్క ప్రకారం కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. నడిమి స్తంభం బోలుగా ఉంటుంది కాబట్టి మరతో ఉన్న పలకను లోపల పెట్టి వెల్డింగ్ చేయాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు. బాడీ పని తెలిసిన వెల్డరు చెయ్యి పడాల్సిందే. ఆ రోజు బ్యాటరీ తీగలు ఊడదీసి, పెట్రోలు ట్యాంకు సంగతి చూసుకోవాలి. డ్రిల్లు పెట్టేముందు కారు కిందికి దూరి బ్రేకు పైపు, పెట్రోలు పైపు ఎటు పోతున్నాయో చూడాలి. బోల్టులు బెల్టుతో వచ్చినవే వాడాలి. చాలా బెల్టులకు 7/16 అంగుళాల సన్న మర ఉంటుంది. 12 మిల్లీమీటర్ల బోల్టు చూపుకు దగ్గరగానే ఉంటుంది గానీ దాని మర వేరు. బలవంతాన తిప్పితే రెండూ పాడవుతాయి.

నేత తెలిసిన ఊరు

బెల్టు కూడా నేత బట్టే. పాలియెస్టర్ నూలుతో నేసిన ఏటవాలు నేత. నిజాం అంచు చీరలు నేసే మంగళగిరిలో అంచు గురించి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పోగు లేచినా, అంచు చిట్లినా ఆ బెల్టు పనికిరాదు. ఒకసారి ప్రమాదంలో లాగుడు పడ్డ బెల్టు చూడ్డానికి బాగానే ఉంటుంది. దాని సాగే గుణం మాత్రం అప్పటికే అయిపోయి ఉంటుంది. తుక్కు కారులోంచి తీసిన బెల్టు చవగ్గా వచ్చిందంటే ఎందుకొచ్చిందో ఆలోచించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో గుర్తుందిగా. అలా మునిగిన కారు బెల్టు చుట్టలోకి బురద చేరితే, లాక్కోవాల్సినప్పుడు లాక్కోదు, ఆగాల్సినప్పుడు ఆగదు. కొత్తదే కొనాలి. దాని చీటీ మీద ఐఎస్ 15140 ప్రమాణం ఉందో లేదో చూడాలి.

ఆ చుట్టకీ ఓ పట్టింపుంది. లోపల చిన్న గుండో, లోలకమో ఉంటుంది. కారు ఒక్కసారిగా ఆగితే అది ఒరిగి బెల్టును బిగిస్తుంది. కంపెనీ చెప్పిన కోణంలో నిలబెడితేనే ఆ పని జరుగుతుంది. వేరే మోడల్‌ది తెచ్చి వాలుగా బిగిస్తే ఊరికే పట్టేసుకోవచ్చు, లేదా అసలు పట్టకపోవచ్చు. కోణం కుదరకపోతే చుట్ట లేని, చేత్తో సర్దుకునే రకమే మేలు.

యాభై ఏళ్లు దాటిన బండి ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 'వింటేజ్' రిజిస్ట్రేషన్ కావాలంటే ఛాసీ, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. పెద్ద మార్పులు కుదరవు. పలకలు వెల్డింగ్ చేసే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. అయితే ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకే. పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలా, ప్రదర్శనలో నిలబెట్టాలా అన్నది తాతగారు తేల్చుకోవాల్సిందే.

బిగింపంతా అయ్యాక ఖాళీ రోడ్డు మీద, వెనకెవరూ రానప్పుడు, మెల్లగా వెళ్తూ ఒక్కసారి బ్రేకు తొక్కి చూస్తే చుట్ట పట్టుకుంటోందో లేదో తెలుస్తుంది. నెల తర్వాత బోల్టులు మళ్లీ చూసుకోవాలి. ముందు సీటు బోల్టులు కూడా. సీటే ఊడివస్తే బెల్టు ఏం చేయగలదు?

ఇక మిగిలింది ఒక్క పేచీ. పాత అంబాసిడర్ ముందు సీటు సోఫాలాంటిది. గేరు స్టీరింగు పక్కనే కాబట్టి మధ్యలో ఇంకొకరు హాయిగా కూర్చోవచ్చు. కానీ ఆ చోటికి భుజం పట్టీ బిగించే స్తంభం లేదు. ఒక్క నడుం పట్టీతో మనిషి ముందుకు ముడుచుకుపోయి తల డాష్‌బోర్డుకు కొట్టుకుంటుంది. అది ఖాళీగా ఉండాల్సిందే. ఆ చోటేమో ఇంట్లో అందరికంటే చిన్నవాడిది. వాడు వెనక్కి వెళ్లాలంటే ముందు వెనక సీటుకూ బెల్టులు బిగించాలి, వాడి వయసుకు తగ్గ పిల్లల సీటు కొనాలి. ఆ తర్వాత కిటికీ పక్క చోటు వాడిదేనని ఒప్పుకోవాలి. అక్క ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి.