పిల్లి చెప్పని బాధ

నిన్నటిదాకా పిలిచినను పలుకక కిటికీలో ఒంటరిగా కూర్చుండిన పెంపుడుపిల్లి, నేడు హఠాత్తుగా యజమాని కాళ్ళను విడువకున్నచో, అది కేవలము ప్రేమయని మురిసిపోరాదు. పిల్లులకు మూలమైన ఆఫ్రికా అడవిపిల్లి ఏకాకి. తాను వేటాడుచునే పెద్ద మృగములకు ఎరయగును. నొప్పిని బయటపెట్టిన ప్రాణి శత్రువునకు చిక్కును. కావుననే ఈ జాతికి బాధను దాచుట అలవడినది. దాచలేనప్పుడు నడత మారును.

ఇల్లు మారుటయో, క్రొత్త జంతువు వచ్చుటయో, దీపావళి టపాకాయలో కారణము కావచ్చును. అట్టివేమియు లేనిచో వ్యాధిని శంకింపవలెను. ముఖ్యముగా మగపిల్లి మాటిమాటికి ఇసుకతొట్టెలో ముక్కుచు, చుక్క మూత్రమైనను విడువలేకున్నచో, మూత్రనాళము మూసుకొనినదేమోయని వెంటనే పశువైద్యుని కడకు గొనిపోవలెను. ఒకటి రెండు రోజుల జాగు ప్రాణాంతకము. ఒడి చేరిన పిల్లిని నిమురుట మంచిదే. ముందుగా దాని తొట్టెను చూచుట మేలు.