సున్నకట్టు రోగం: మందు పొడి ఎక్కడిదాకా పనిచేస్తుంది?



చలి, ముసురు పట్టిందంటే బెంగళూరు చుట్టుపక్కల షెడ్లలో మనందరికీ ఒకటే భయం: సున్నకట్టు. చచ్చిన పురుగు గట్టిపడి సుద్దముక్కలా తెల్లబడిపోతుంది. ఇది బవేరియా అనే బూజు పని. ఆ సంగతి 1835లో ఇటలీలో అగస్టీనో బస్సీ నిరూపించారు. సూక్ష్మజీవి వల్ల జబ్బు వస్తుందనడానికి తొలి రుజువుల్లో ఒకటి మన పట్టుపురుగు మీదే దొరికింది.

బూజు బీజం పురుగు చర్మం మీద పడి, తేమ తగిలితే మొలకెత్తి లోపలికి తొలుచుకుపోతుంది. రక్తంలో చేరాక ఈస్ట్ మాదిరిగా విడివిడి కణాలుగా పెరిగిపోతుంది.

మనుషులకు జబ్బు చేసే ఈస్ట్ క్యాండిడా. దానికి డాక్టర్లు ఇచ్చే ఫ్లుకొనజోల్, ఈస్ట్ పైపొరకు కావాల్సిన ఎర్గోస్టెరాల్ తయారు కాకుండా అడ్డుపడుతుంది. దాంతో ఈస్ట్ పెరుగుదల ఆగుతుంది కానీ చాలావరకు చావదు; మిగతా పని ఒంట్లోని రోగనిరోధక శక్తిదే. ఆంఫోటెరిసిన్-బి మాత్రం ఆ ఎర్గోస్టెరాల్‌నే పట్టుకుని ఈస్ట్‌ను చంపుతుంది. ఇలాంటి మందులను పరీక్షించడానికి 2004లో టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకులు పట్టుపురుగులనే వాడారు.

మరి ఆ మాత్రలే నూరి తట్టల్లో చల్లితే పోదా అనిపించొచ్చు. వద్దు. పరిశోధనలో ఒక్కో పురుగుకు కొలిచి సూదితో ఎక్కిస్తారు. వేల పురుగులున్న షెడ్లో అది కుదరదు. అరకొర మోతాదు పడితే మందుకు లొంగని బూజు తయారయ్యే ప్రమాదం ఉంది.

మనం చల్లే మాంకోజెబ్ పొడి దారి వేరు. అది చర్మం పైనే ఉండి బీజాన్ని మొలకెత్తనివ్వదు. లోపలికి పోయిన బూజును ఏమీ చేయలేదు. అందుకే రోగం కనబడ్డాక చల్లే పొడి, ఇంకా సోకని పురుగులనే కాపాడుతుంది.

కాబట్టి ఇవి మరవొద్దు:

• పురుగులు జ్వరం నుంచి లేచాక, ఆకు వేయడానికి అరగంట ముందు, సిఫారసు చేసిన పొడి పలుచగా చల్లాలి.
• పెద్ద పురుగుల షెడ్లో గాలి ఆడాలి, తేమ 70 శాతం దాటకూడదు. తడి ఆకు వేయొద్దు.
• చచ్చిన పురుగును తెల్లబడకముందే ఏరి కాల్చేయాలి. తెల్లబడిందంటే బీజాలు గాల్లో కలిసినట్టే.
• పంట దిగాక షెడ్డు, తట్టలు, చంద్రికలు శుద్ధి చేయాలి.

అనుమానం వస్తే దగ్గరలోని పట్టు పరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రంలో చూపించండి. ఒక్క రోజు ఆలస్యం పక్క తట్టకు చేటు.