ఇంట నిర్మించిన కారు సిమ్యులేటరు: దాని కదలికలను సరిపఱచు విధము

గదిలో కూర్చుండి, తెరమీద కనబడు బాటను చూచుచు, స్టీరింగు త్రిప్పి కారు నడుపు అనుభవమును పొందుటకు ఉపయోగపడు యంత్రమునకు సిమ్యులేటరు అని పేరు. ఆసనము క్రింద రెండు మోటార్లమర్చి, దానిని ముందువెనుకలకును ప్రక్కలకును వంచు వేదికను ఇంటియందే నిర్మించుకొనువారు నేడు కలరు. అయితే వేదికను బిగించుటతో పని ముగియదు. కదలికలను సరిపఱుపనియెడల కూర్చున్నవానికి తల తిరుగును. కడుపులో వికారము పుట్టును. అంతకంటె కీడేమనగా, చేతులకు తప్పుడు అలవాటు పట్టును.

ఇట్టి ఉపాయము క్రొత్తది కాదు. 1929వ సంవత్సరమున అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునతడు విమానచోదకుల శిక్షణకై కదలు పెట్టెనొకదానిని నిర్మించెను. అతని తండ్రికి ఆర్గనులు చేయు కర్మాగారము కలదు. ఆర్గనులలో వాడు గాలితిత్తులవంటివానినే అతడు పెట్టెను వంచుటకు ఉపయోగించెను.

ఇక వేదిక ఎట్లు పనిచేయునో చూతము. కారు వేగము హెచ్చినప్పుడు మన వీపు ఆసనమునకు అదుముకొనును. గదిలోని ఆసనము ముందుకు పరుగెత్తజాలదు గదా! కావున వేదిక మనలను వెనుకకు వంచును; అప్పుడు మన బరువే వీపును అదుమును. బ్రేకు వేసినప్పుడు ముందుకును, కారు ఎడమకు తిరిగినప్పుడు కుడిప్రక్కకును వంచును. లోచెవిలో బరువును గ్రహించు ఇంద్రియము వంపును, వేగపు మార్పును వేఱుపఱుపజాలదు. తెరమీది దృశ్యము తోడైనచో మనస్సు వంపునే వేగమని నమ్మును.

అయితే వంపు త్వరితమైనచో లోచెవిలోని మఱియొక భాగము దానిని కనిపెట్టును. సెకనుకు సుమారు 3 డిగ్రీలకు మించనిచో సాధారణముగ తెలియదు. కాని ఆ లెక్కను 10 డిగ్రీలు వంగుటకు 3 సెకనులకు పైగా పట్టును. అంతలో బ్రేకు వేయుట ముగిసిపోవచ్చును. మఱియు 10 డిగ్రీల వంపువలన మన బరువులో సుమారు 6వ వంతు బలము మాత్రమే కలుగును. గట్టి బ్రేకు బలమో, దాదాపు మన బరువంత యుండును. కనుక యంత్రము నిజమును సూచింపగలదేగాని పూర్తిగా చూపజాలదు.

సరిపఱచు క్రమమిది. మొదట, ఒక్కొక్క కదలికను వేఱుగా, స్వల్పబలముతో నడిపి దిక్కు సరిచూడవలెను. రెండవది బలము: గట్టి బ్రేకు వేసినప్పుడు వేదిక తన హద్దును సమీపింపవలెనుగాని తాకరాదు. తాకినచో గట్టి బ్రేకును, మిక్కిలి గట్టి బ్రేకును ఒక్కటిగనే తోచును. మూడవది నునుపు: తక్కువైనచో వేదిక వణకును, ఎక్కువైనచో కదలిక దృశ్యమునకు వెనుకబడును. ఈ ఆలస్యము వికారమునకు ఒక కారణము. నాల్గవది మరలుట: ఊపు తీరిన పిమ్మట వేదిక తెలియకుండునంత మెల్లగా నడిమికి రావలెను. లేనియెడల తరువాతి ఊపునకు చోటుండదు.

ఒకేమారు రెండు మార్పులు చేయరాదు. అదే కారును అదే బాటపై నడిపి, ప్రతి మార్పును, దాని ఫలమును నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. తలిదండ్రులు గమనింపవలసినది యొకటి కలదు: విద్యుత్తును ఆపు మీట కూర్చున్నవాని చేతికందుచుండవలెను, వేదిక కదలునప్పుడు పసిపిల్లలను దరిచేరనీయరాదు.

విద్యార్థులారా, పెద్ద కుదుపే మంచి శిక్షణయని తలపకుడు. సమయమునకు కలిగిన చిన్న కదలిక, ఆలస్యముగ వచ్చిన పెద్ద కుదుపుకంటె ఎక్కువ నేర్పును.