పుస్తకాలకెక్కని సర్వీసు

సూరత్ అనగానే మన తెలుగువారికి చీరలు, ఆ పిదప వజ్రాలు గుర్తుకు వస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి తరలివచ్చిన నేత కుటుంబాల మూలంగా లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట నేటికీ వీధిలో వినిపిస్తుంది. అయితే ఉద్యోగరీత్యా ఏళ్ళ తరబడి ఇక్కడ నివసించిన మాకు నగరం కన్నా దాని చుట్టూ ఉన్న పల్లెసీమయే ఎక్కువ విషయాలు నేర్పింది. ఆ పల్లెసీమకు చెందిన ఒక రైతు గృహిణిని గూర్చి ఇక్కడ ముచ్చటించదలచాము. పేరు చెప్పము. ఆ ఇంట అందరూ ఆమెను 'బా' అనేవారు. గుజరాతీలో బా అంటే అమ్మ. మేమూ అలాగే పిలిచాము.

ఆమె మా ప్లాంటులో పనిచేసిన ఒక సహోద్యోగికి తల్లి. ఊరు సూరత్‌కు తూర్పున, సుమారు 35 కిలోమీటర్ల దూరాన ఉన్న బార్డోలీ తాలూకాలోనిది. పుట్టిన సంవత్సరం 1928.

ఆ సంవత్సరం చరిత్రలో నిలిచినదే. బొంబాయి ప్రభుత్వం అక్కడి భూమిశిస్తును దాదాపు 22 శాతం పెంచగా, ఫిబ్రవరి 12న వల్లభభాయ్ పటేల్ నాయకత్వాన రైతులు శిస్తు కట్టబోమని ప్రతిన పూనారు. ప్రభుత్వం జప్తులకు దిగింది. (జప్తు అన్న మాట గుజరాతీలోనూ ఉన్నది. రైతును భయపెట్టే మాటలకు భాషాభేదం లేదు కాబోలు.) జప్తు చేయవచ్చినవారి చేతికి ముందుగా చిక్కేది గేదె. కనుక తలుపులు బిగించుకొని, మనుషులూ గేదెలూ ఒకే కప్పు క్రింద వారాల తరబడి చీకటిలో గడిపారు. ఎండ సోకక గేదెల నల్లని చర్మం పాలిపోయిందనీ, దానిపై పటేల్ సభలలో హాస్యమాడేవారనీ ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. మిఠూబెన్ పేటిట్, భక్తిబా దేశాయ్ మొదలైన వారు ఊరూరా తిరిగి స్త్రీలను కూడగట్టారు. ఆగస్టులో రాజీ కుదిరింది. తదుపరి విచారణలో ఆ పెంపు 6.03 శాతానికి తగ్గింది. పటేల్‌ను 'సర్దార్' అని మొదట పిలిచినది బార్డోలీ స్త్రీలేనని ప్రతీతి.

బా ఆ మూసిన తలుపుల వెనుకనే జన్మించింది. "నాకూ, మా దూడకూ ఒకే చీకటిలో కళ్ళు తెరుచుకున్నాయి" అని నవ్వుతూ చెప్పేది. ఆ చీకటింటిలో బాలింతకు రొట్టె కాల్చినది ఎవరు, పేడ ఎత్తినది ఎవరు, జప్తువారి కన్నుగప్పి నీళ్ళు మోసినది ఎవరు అని మేము అడిగితే, ఇదేమి ప్రశ్న అన్నట్టు చూసింది.

పదిహేడవ ఏట పెళ్ళి. పక్క ఊరే. అత్తవారింట నాలుగు గేదెలు, పదకొండు మంది మనుషులు. వేకువన నాలుగు గంటలకు చల్ల చిలకడంతో ఆమె దినం ఆరంభమయ్యేది. తరువాత పాలు పితకడం, జొన్న రొట్టెలు, చేనికి భోజనం, మధ్యాహ్నం పత్తి ఏరడం లేదా కలుపు, మళ్ళీ పాలు, మళ్ళీ రొట్టెలు. తాపీ నదిపై 1950వ దశకంలో కాక్రాపార్ ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక ఆ ప్రాంతంలో పత్తి, జొన్న తగ్గి చెరకు పెరిగింది. 1972లో ఉకాయి జలాశయం తోడైంది. పొలానికి నీరు వచ్చింది, ఇంటికి రాబడి వచ్చింది. బా వేకువ గంటలో మాత్రం మార్పు రాలేదు. సూరత్ జిల్లా పాల సహకార సంఘం 'సుముల్' 1951లోనే ఏర్పడింది. పూటపూటా పాలు పోసి, వెన్న శాతం వ్రాయించుకొని వచ్చేది ఆమె. పాల ఖాతా పుస్తకం భర్త పేరిట ఉండేది.

ఇక్కడ ఒక సంగతి దాచడం న్యాయం కాదు. బా ఇంటి పశువుల కొట్టం ఊడ్చినది, చెరకు పొలంలో వంగి పనిచేసినది హళపతి కులపు కూలి స్త్రీలు. వారికి ఏ ఖాతాలోనూ పేరు లేకపోవడమే కాదు, పేరు ఎక్కించదగిన సెంటు భూమి కూడా లేదు. బా ఈ మాట తానే ఒకసారి అన్నది.

ఇంజనీర్లము కదా, ఒకనాడు క్యాంటీనులో ఆమె శ్రమకు ఎస్టిమేటు వేశాము. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు ఆ జీతంలేని పనిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు. అంటే స్త్రీకి సుమారు అయిదు గంటలు. పన్నెండవ ఏట మొదలుపెట్టి ఎనభై వరకు, అంటే 68 సంవత్సరాలకు లెక్కిస్తే 1,24,100 గంటలు. మనము ఏడాదికి 290 దినాలు, దినానికి ఎనిమిది గంటలు డ్యూటీ చేస్తే అది 53 ఏళ్ళకు పైబడిన సర్వీసు. ఇందులో పొలం పని కలపలేదు, గేదెలను కలపలేదు. సెలవులు, ఓవర్‌టైము సంగతి ఎత్తనే లేదు. జనగణనలో సైతం పొలంలో జీతంలేని శ్రమ కూడా పనియేనని ప్రశ్నలోనే స్పష్టంగా చేర్చినది 1991లో. వంటిల్లు అప్పటికీ లెక్కకు రాలేదు.

2003లో భర్త మరణించాడు. భూమి రికార్డులో వారసుల పేర్లు ఎక్కించవలసి వచ్చింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వితంతువు కూడా వారసురాలే. కానీ ఆ ప్రాంతంలో స్త్రీలు 'హక్ కమీ' అని, అనగా హక్కు వదులుకున్నామని, సంతకం చేసి తప్పుకోవడం పరిపాటి. ఆ కాగితం తెచ్చి తల్లి ముందు పెట్టినవాడు మన సహోద్యోగియే. "నలుగురు వారసులుంటే బ్యాంకు రుణానికి చిక్కు, రేపు మళ్ళీ మార్చుకోవాలి, ఎందుకు బా?" అన్నాడట. చదివి వినిపించమన్నది. విన్నది. "నా పేరు ఉండనీ. నేను పోయాక తీసేయి" అని చెప్పి గేదెకు మేత వేయడానికి లేచిందట. మూడు రోజులు తల్లీ కొడుకులు మాట్లాడుకోలేదు. నాలుగవనాడు అతడే తలాటీ వద్దకు పోయి ఆమె పేరు వ్రాయించాడు. ఈ సంగతి మాకు చెప్పినప్పుడు అతని తల వంగి ఉన్నది.

మేమూ తల ఎత్తలేకపోయాము. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పిత్రార్జితంలో కుమార్తెలకు సమాన భాగమిస్తూ చట్టం తెచ్చినది 1986లో. దేశమంతటికీ అది వర్తించినది 2005లో. ఇంత ముందుగా చట్టం చూసినవారమై ఉండి, మా ఊళ్ళ పట్టాదారు పాసు పుస్తకాలలో అమ్మ పేరు ఎందరికి ఉన్నదని ఆ సాయంత్రం ఒకరినొకరము అడుగుకొన్నాము. అక్కడ ఉన్న ఏడుగురిలో ఒక్కరు చేయి ఎత్తారు.

బా 2019లో, తొంభై ఒకటవ ఏట కన్ను మూసింది. చివరి ఏడాది వరకు వేకువన లేచి కూర్చునేది. చిలకడానికి మజ్జిగ లేకపోయినా లేచేది. కర్మకాండ ముగిసి నెల గడిచాక, షిఫ్టు బస్సులో మన సహోద్యోగి ప్రక్కన వచ్చి కూర్చున్నాడు. తల్లి పేరు తీసివేయించే కాగితం పెట్టి వచ్చానన్నాడు. హక్ కమీ వ్రాయించారా అని అడిగాము. లేదట. ఈసారి వారసుల జాబితాలో తన ఇద్దరు అక్కల పేర్లు కూడా వ్రాయించాడట.