మాలాంటి పిల్లల కథలేవీ?

మా హైస్కూలులో ఒక అద్దాల బీరువా ఉండేది. పుస్తకాలు అందులో వరుసగా నిలబడి ఉండేవి. తాళంచెవి మాత్రం మేష్టారి జేబులో ఉండేది. పుస్తకం పోతే తన జీతంలో కోత పడుతుందని ఆయన భయం. అందుచేత మేము పుస్తకాల వీపుల మీది పేర్లు చదువుకొంటూ ఐదేళ్లూ గడిపాం.

బెవర్లీ క్లియరీ గురించి చదువుతుంటే ఆ బీరువా గుర్తుకొచ్చింది. ఈ అమెరికన్ రచయిత్రి 1984లో అక్కడి గ్రంథాలయ సంఘం వార్షిక సభలో న్యూబెరీ పతకం అందుకొని ప్రసంగించారు. బాలసాహిత్యానికి ఆ దేశంలో అంతకు మించిన గౌరవం లేదు. ఇచ్చేది పిల్లల లైబ్రేరియన్లు. ఆ సభ ఆమెకు పుట్టింటివంటిది. ఆమె కూడా ఒకప్పుడు లైబ్రేరియనే.

పతకం తెచ్చిన పుస్తకం ‘డియర్ మిస్టర్ హెన్‌షా’. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు కుర్రవాళ్లు, తలిదండ్రులు విడాకులు తీసికొన్న పిల్లవాడి కథ వ్రాయమని ఆమెకు ఉత్తరాలు వ్రాశారట. అదీ దాని పుట్టుక.

చిత్రమేమంటే, ఇంతటి రచయిత్రి చిన్నప్పుడు చదువు రాని పిల్ల! 1916లో ఓరెగన్ రాష్ట్రంలో పుట్టారు. వాళ్ల పల్లెలో గ్రంథాలయం లేకపోతే, తల్లి పట్టుబట్టి పుస్తకాలు తెప్పించి, బ్యాంకు పైగదిలో ఒకటి నడిపింది. అటువంటి తల్లి కూతురిని పోర్ట్‌లాండ్ బడిలో ఒకటో తరగతిలోనే వెనుకబడినవాళ్లతో కూర్చోబెట్టారు. ఆ జట్టు పేరు నల్లపిట్టలు! పుస్తకమంటే ఆ పిల్లకు ఒళ్లుమంట పుట్టిందంటే పుట్టదా మరి? మూడో తరగతిలో, ఒక ముసురుపట్టిన ఆదివారం, బొమ్మలు చూద్దామని పుస్తకం తెరిచి, తాను చదివేస్తున్నానని ఉన్నట్టుండి గమనించింది. పై తరగతుల్లో, బడి లైబ్రరీ చూసే ఉపాధ్యాయురాలు “నువ్వు పెద్దయ్యాక పిల్లల కథలు వ్రాయాలి” అన్నదట. తల్లి లౌక్యం తెలిసిన మనిషి. వ్రాతలతో పాటు కూడు పెట్టే ఉద్యోగం కూడా ఉండాలన్నది. ఆ ఉద్యోగమే లైబ్రేరియన్ పని.

1939లో యాకిమా ఊళ్లో పనిలో చేరారు. ఒకనాడు కొందరు మగపిల్లలు వచ్చారు. చదువంటే పెద్దగా ఇష్టం లేని బాపతు. వాళ్లలో ఒకడు అడిగాడు: మాలాంటి పిల్లల కథలేవీ అని. ఆమె అలమరలన్నీ కలయజూశారు. ఆయాలూ గుర్రపుబళ్లూ గల శ్రీమంతుల బిడ్డలు; కాకుంటే, ఆఖరి ప్రకరణంలో ధనవంతుడైన బంధువు ఊడిపడి ఆదుకొనే అనాథలు. పక్కవీధి పిల్లవాడు మాత్రం లేడు. (మనకు 1950లలో బుడుగు వచ్చి ఆ లోటు కొంత తీర్చాడు.)

మా బీరువా ముందు అలా అడగాలన్న ఊహే మాకు రాలేదు. అడగడానికి అక్కడ ఒక మనిషంటూ ఉండాలి గదా!

ఆమె మాత్రం ఆ ప్రశ్న మరచిపోలేదు. 2021లో 104 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా చెప్పుకొన్న కథ అది. జవాబుగా వ్రాసిన ‘హెన్రీ హగిన్స్’ 1950లో గాని అచ్చుకాలేదు. అడిగిన కుర్రవాళ్లకు అప్పటికి మీసాలు వచ్చి ఉంటాయి.