ఆటతో ఆరోగ్య పాఠం



ఆస్పత్రిలో రోగి మంచం పక్కన కూర్చున్న పిల్లల చేతిలో ఈ రోజుల్లో సెల్‌ఫోన్ ఉంటోంది. "ఆ ఆట ఆపు, పుస్తకం తియ్యి" అని మనం కోప్పడతాం. ఆ కోపంలో న్యాయం ఉంది. కాని ఆటలన్నీ చెడ్డవి కావు. మంచి ఆటను సరైన పద్ధతిలో వాడితే అది బడిలోనూ, ఊరిలోనూ, ఇంట్లోనూ పాఠం చెబుతుంది.

ఆట ఎందుకు గుర్తుంటుంది?

"గోలీలు మానకండి" అని మేము పదిసార్లు చెబుతాం. ఇంటికి చేరేసరికి అందులో సగం మరచిపోవడం సహజం. ఆటలో వినడంతో సరిపోదు, ఆడేవారే నిర్ణయం తీసుకోవాలి. తప్పు చేస్తే వెంటనే ఓడిపోతారు, మళ్ళీ మొదలుపెడతారు. నిజ జీవితంలో ఆ తప్పు ప్రాణం మీదికి తెస్తుంది, ఆటలో ఒక్క ఆట మాత్రమే పోతుంది. కంప్యూటర్, సెల్‌ఫోన్ ఆటల్లో బొమ్మలు, శబ్దాలు కూడా తోడై, ఆడేవారు తామే ఆ లోకంలో ఉన్నట్టు లీనమైపోతారు.

క్యాన్సర్ రోగుల కోసం ఒక ఆట

అమెరికాలోని హోప్‌ల్యాబ్ అనే సంస్థ 2006లో 'రీ-మిషన్' అనే కంప్యూటర్ ఆటను విడుదల చేసింది. ఇందులో రాక్సీ అనే చిన్న మరమనిషి రోగి శరీరంలోకి వెళ్ళి క్యాన్సర్ కణాలతో పోరాడుతుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలోని 34 వైద్య కేంద్రాల్లో, 13 నుండి 29 ఏళ్ళ వయసు గల 375 మంది రోగులతో దీన్ని పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. మామూలు ఆట మాత్రమే ఇచ్చినవారికంటే, ఈ ఆట కూడా ఇచ్చినవారు మందులు క్రమంగా వేసుకున్నారు. తమ జబ్బు గురించి ఎక్కువ తెలుసుకున్నారు. జబ్బును తగ్గించేది మందే. ఆ మందు మానకుండా ఉండడానికి ఆట సాయపడింది.

ఇది మనకూ అవసరమే. టీబీకి సాధారణంగా 6 నెలలు మందులు వాడాలి. పాలమూరు నుండి పనికి వలస వెళ్ళినవారు, రెండు నెలలకే దగ్గు తగ్గిందని మందు ఆపేస్తే, టీబీ క్రిములు మొండికెత్తి ఆ మందులకు లొంగకుండా పోవచ్చు.

పల్లె ఆటలే ఆధారం

2004లో మాథ్యూ కామ్ అనే పరిశోధకుడు, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుండి, మన దేశపు పల్లె పిల్లలకు సెల్‌ఫోన్ ఆటలతో ఇంగ్లీషు నేర్పే 'మిల్లీ' అనే పథకం మొదలుపెట్టారు. పాశ్చాత్య పద్ధతిలో చేసిన ఆటలు పల్లె పిల్లలకు సరిగా అర్థం కాలేదు. అప్పుడు ఆ బృందం పల్లెల్లో పిల్లలు రోజూ ఆడుకునే ఆటలను గమనించి, వాటి నియమాలతోనే ఫోన్ ఆటలు తయారుచేసింది. ఎరిగిన ఆటలో పెడితే తెలియని పాఠం కూడా సులభమవుతుందని దీనివల్ల తెలుస్తుంది.

మీరే చేయగల ఆట

మనకు వైకుంఠపాళి ఉండనే ఉంది. సుద్దముక్కతో అరుగు మీద గళ్ళు గీయండి, గవ్వలు లేదా చింతపిక్కలు తీసుకోండి. మన ప్రాంతపు ఫ్లోరైడ్ సమస్యనే పాఠంగా పెట్టండి.

పాములు: "నల్లా రాలేదు, బోరింగు నీళ్ళు తాగాను." "బోరు నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందనుకున్నాను." (కాస్తే పోదు. నీరు ఆవిరై, మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.)

నిచ్చెనలు: "బడికి ఇంటి నుండి మంచినీళ్ళ సీసా తెచ్చాను." "మా బోరు నీళ్ళు పరీక్ష చేయించాం." లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీరు దొరకని చోట కూడా 1.5 మిల్లీగ్రాములకు మించరాదు.

2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీరు ఇళ్ళకు వచ్చింది. అయినా పొలం దగ్గర దప్పికైతే పిల్లలు బోరు దగ్గరికే పరుగెత్తుతారు. ఫ్లోరైడ్ వల్ల వంగిన ఎముకను మందుతో మళ్ళీ తిన్నగా చేయలేం. అందుకే ముందుగా నేర్పాలి. ఇంట్లో టీబీ రోగి ఉంటే గోలీ మరచిన రోజును పాముగా, 6 నెలలు పూర్తికావడాన్ని చివరి గడిగా పెట్టండి.

కొన్ని జాగ్రత్తలు

• ఆట అయ్యాక "ఎందుకు కిందికి జారావు?" అని పిల్లలను అడగండి. ఆ మాటల్లోనే పాఠం గట్టిపడుతుంది.

• రెండేళ్ళలోపు పిల్లలకు ఫోన్ చూపించవద్దు. 2 నుండి 4 ఏళ్ళవారికి రోజుకు గంట దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

• తిండి, నిద్ర, బడి మానేసి నెలల తరబడి ఆడుతుంటే అది జబ్బు కావచ్చు. తిట్టి కొట్టకుండా డాక్టరుకు చూపించండి.

• డబ్బు పెట్టి ఆడే ఫోన్ ఆటల జోలికి వెళ్ళనీయవద్దు. వాటిని ఆపడానికి తెలంగాణ 2017లో, పార్లమెంటు 2025లో చట్టాలు చేశాయి.

• ఫోన్ ఆటలో చెప్పిందని మందు మార్చవద్దు, మానవద్దు. ముందుగా వార్డులోని సిస్టరును అడగండి.

ఈ సాయంత్రం మీ పిల్లలతో ఒక ఆట వేయండి. నాయనమ్మను, తాతయ్యను కూడా కూర్చోబెట్టుకోండి. గోలీల వేళ గుర్తుంచుకోవలసిన వారిలో వాళ్ళూ ఉన్నారు.