కన్నున్న గడ, కన్ను లేని చెట్టు

క్యూర్‌పీప్ బొటానికల్ గార్డెన్‌లో ఆ చెట్టు కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. చుట్టూ కంచె, నడుమ సన్నటి పొడవాటి మాను, కొసన గుప్పెడు మట్టలు. దూరం నుంచి చూస్తే పోకచెట్టు అనుకుంటాం. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హయోఫోర్బె అమరికాలిస్. ఈ భూమ్మీద ఆ జాతిలో బతికి ఉన్నది ఈ ఒక్క చెట్టే. ఇంకో తోటలో లేదు, ఏ అడవిలోనూ లేదు. జోడు లేదు, పిల్ల లేదు.

సన్నటి తుంపరలో దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. మారిషస్ దీవి మధ్యలో, సముద్రానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న పట్నం క్యూర్‌పీప్. తీరంలో ఎండ కాస్తున్నా ఇక్కడ మబ్బు పట్టి ఉంటుంది. ఒక జాతి మొత్తం ఒకే మానులో నిలబడి ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

మారిషస్‌కు పోయేవాళ్ళు ఎక్కువగా సముద్రం కోసం పోతారు. నేను చెరుకు కోసం పోయాను. మాది నిజామాబాద్ జిల్లా నవీపేట్. బోధన్ దారి పట్టిన చెరుకు బండ్ల వెనక ఉరికి, గడ లాక్కుని, పళ్ళతో చీల్చుకుని తిన్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి. 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్ళను కాలువల్లోకి మళ్ళించింది. ఆ నీళ్ళను నమ్ముకుని చెరుకు, ఆ చెరుకును నమ్ముకుని 1937లో నిజాం ప్రభుత్వం బోధన్ శక్కర్‌నగర్‌లో పెట్టిన షుగర్ ఫ్యాక్టరీ. 2015 డిసెంబర్‌లో అది ఆగిపోయింది. చెరుకు మళ్ళలోకి వరి వచ్చింది, సోయా వచ్చింది. గడ మీద నా ఇష్టం మాత్రం అలాగే ఉండిపోయింది.

చెరుకు పుట్టిల్లు కూడా దీవే. లావాటి, మెత్తటి, తియ్యటి గడనిచ్చే అసలు చెరుకును వేల ఏళ్ళ కింద మచ్చిక చేసుకున్నది న్యూగినీ దీవి జనం. అక్కడి నుంచి పడవల్లో దీవి దీవికీ పాకింది. మారిషస్‌కు 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు జావా నుంచి తెచ్చారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు అడవి కొట్టి తోటలు పెంచారు. బానిసత్వం రద్దయ్యాక గడ కొట్టే చేతుల కోసం మన దేశం వైపు చూశారు. 1834 నుంచి పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసి ఘాట్ మెట్లెక్కిన కూలీలు దాదాపు 5 లక్షల మంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్ళు వారిలో ఉన్నారు, అందుకే అక్కడ వాళ్ళకు కోరంగీలని పేరు పడింది. వాళ్ళ సంతానం ఇప్పటికీ ఉగాది చేసుకుంటుంది, రామభజనం చేస్తుంది, అమ్మోరు పండుగ చేస్తుంది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. గడ వెంట మనిషి ఎంత దూరం పోయాడో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఆ చెట్టు ముందు నిలబడ్డప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది చెరుకు కన్ను.

ఒక గడ చేతిలోకి తీసుకుని కణుపు దగ్గర వేలితో తడిమి చూడండి. ఆకు తొడుగు ఊడిన చోట గీత ఉంటుంది. ఆ గీత మీద సన్నటి చుక్కలు రెండు మూడు వరసల్లో పొదిగినట్టుంటాయి. అవి ఇంకా పుట్టని వేర్లు. ఆ చుక్కల పట్టీలోనే ఒక పక్క, ముక్కు ముందుకు పెట్టిన చిన్న మొగ్గ. అదే కన్ను. కింది కణుపులో కుడి పక్కనుంటే పై కణుపులో ఎడమ పక్కన ఉంటుంది. గడ నిలబడి ఉన్నన్నాళ్ళూ ఆ కళ్ళు నిద్రలోనే ఉంటాయి, ఎందుకంటే పైన చిగురు తయారుచేసే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ వాటిని లేవనివ్వదు. కత్తితో చిగురు నరికితే ఆ అదుపు పోతుంది. అందుకే రైతు గడను మూడు కన్నుల ముచ్చెలుగా నరికి బోదెల్లో పండబెడతాడు. ముచ్చె పెడితే చుక్కల్లోంచి వేర్లు, కంట్లోంచి మొలక. పంట కొట్టాక కూడా నేలలో మిగిలిన మోడు కళ్ళు తెరుస్తుంది, కార్శి తోట లేస్తుంది. విత్తనం ఊసే లేకుండా చెరుకు బతికేస్తుంది.

క్యూర్‌పీప్ చెట్టుకు ఆ కన్ను లేదు.

తాటి, ఈత, కొబ్బరి, పోక కుటుంబంలో చాలా చెట్లకు పెరిగే చోటు ఒక్కటే, నెత్తిన ఉండే మొవ్వు. ఖర్జూరం లాంటివి కొన్ని మొదట్లో పిలకలు వేస్తాయి, ఈ చెట్టు అవీ వెయ్యదు. మొవ్వుకు పురుగు పట్టినా, పిడుగు పడినా చెట్టు పోయినట్టే. కొమ్మ నరికి పాతుదామంటే కొమ్మే లేదు. అంటు కడదామంటే బెరడు కింద కణాలు పుట్టించే పొర లేదు. వేపచెట్టు మీద గొడ్డలి గాటు పడితే నాలుగేళ్ళలో అంచులు ఉబ్బి గాయం పూడుకుంటుంది, ఆ పొర చేసే పని అది. మా ఊరి ఈత చెట్టును చూడండి. కల్లు గీసిన గాట్లు ఒక ఏడు ఈ పక్క, ఒక ఏడు ఆ పక్క పడి, మాను మెట్లు మెట్లుగా తయారవుతుంది. ముప్పై ఏళ్ళ కిందటి గాటు ఈ రోజుకీ గాటుగానే ఉంటుంది. తాటి కుటుంబపు చెట్టు తన గాయాన్ని పూడ్చుకోలేదు, దాన్ని మోస్తూనే పైకి పెరుగుతుంది.

మిగిలిన దారి విత్తనం. అక్కడా ఒక చిక్కుంది. ఈ చెట్టు పూగెలలో మగ పూలు, ఆడ పూలు రెండూ ఉంటాయి. మగ పూలు ముందు విచ్చుకుని రాలిపోతాయి. ఆ తర్వాత ఆడ పూలు విచ్చుకుంటాయి. పుప్పొడి ఉన్నప్పుడు అందుకునే పువ్వు లేదు, అందుకునే పువ్వు విచ్చినప్పుడు పుప్పొడి లేదు. ఇది లోపం కాదు. అడవిలో వంద చెట్లున్న రోజుల్లో ఇది గొప్ప తెలివి. ఒక చెట్టు ఆడ పూలు విచ్చేసరికి పక్క చెట్టు మగ పూలు విచ్చి ఉంటాయి, సొంత పుప్పొడి అంటకుండా వేరే చెట్టు పుప్పొడితో కాయ కడుతుంది, సంతానం గట్టిగా ఉంటుంది. అందుకోసం చెట్టు తలుపుకు తాళం వేసుకుంది. పక్క చెట్లన్నీ పోయాక ఆ తాళమే దాన్ని బందీ చేసింది.

ఆ పక్క చెట్లు ఎందుకు పోయాయన్నది మా నవీపేట్ శనివారం సంతకు వచ్చినవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. వందల మేకలు, గొర్రెలు దిగే సంత అది. ఆ మేకల్లో ఒకదాన్ని తుమ్మ కొమ్మ దగ్గర నిలబెట్టి చూడండి. పెదవులను ముల్లుకూ ముల్లుకూ మధ్య దూర్చి, ఒక్కొక్క ఆకు రెమ్మే గిల్లుకుని తింటుంది. కడుపు నిండాలంటే పొద్దు గుంకాలి. రేగుకు కొక్కెం ముల్లు, జిల్లేడుకు పాలు, వేపకు చేదు. లక్షల ఏళ్ళుగా జింకలు, దుప్పులు మేసిన నేల మీద మొక్కలు సంపాదించుకున్న ఆయుధాలివి.

మారిషస్ సముద్రం అడుగు నుంచి అగ్నిపర్వతం లేచి ఏర్పడిన దీవి, వయసు దాదాపు 80 లక్షల ఏళ్ళు. దగ్గరి పెద్ద నేల మడగాస్కర్ కూడా పడమర దిక్కున 800 కిలోమీటర్లకు పైనే. అంత దూరం ఈదగల మేకా లేదు, జింకా లేదు. పక్షి కడుపులోనో, గాలిలోనో, కొట్టుకొచ్చిన దుంగ మీదో వచ్చిన గింజలే అక్కడ అడవి అయ్యాయి. పాలిచ్చే జంతువుల్లో సొంతంగా చేరినవి గబ్బిలాలే. నేల మీద మేసేవి తాబేళ్ళు, డోడో లాంటి ఎగరలేని పక్షులు. అలాంటి చోట మేకను ఆపే ముల్లు పెంచుకోవాల్సిన అవసరం ఏ మొక్కకుంటుంది? మన పాత నిజామాబాద్ జిల్లాలో నాలుగో వంతు కూడా లేని ఆ దీవిలో సుమారు 700 రకాల పూల మొక్కలు సొంతంగా ఉండేవి. వాటిలో దాదాపు 40 శాతం ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. మనిషి వెంట పందులు, మేకలు, జింకలు, ఎలుకలు, కోతులు దిగాయి. ఎలుకలు గింజలు కొరికాయి, మేకలు మొలకలు మేశాయి. మిగిలిన అడవిని చెరుకు తినేసింది. మంచి సహజారణ్యం ఇప్పుడు 2 శాతం కూడా లేదు. చెరుకు వల్ల బతికిన ప్రాంతం నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. ఒక దీవి బిడ్డ ఇంకో దీవి బిడ్డలను వెళ్ళగొట్టింది.

కన్నున్న మొక్కకూ లేని మొక్కకూ తేడా ఎంతో తెలియాలంటే తూర్పున ఇంకో 600 కిలోమీటర్లు పోవాలి. 108 చదరపు కిలోమీటర్ల రోడ్రిగ్స్ దీవి, దాని పట్నం పోర్ట్ మాథురిన్. అక్కడి కాఫీ కుటుంబపు అడవి మొక్క కఫే మరాన్ ఎప్పుడో అంతరించిందని రాసేసుకున్నారు. 1980 ప్రాంతంలో ఒక బడిపంతులు పాత బొమ్మ చూపించి, ఇలాంటి మొక్క ఎక్కడన్నా చూశారా అని పిల్లలను అడిగారు. ఒక పిల్లవాడు ఇంటి దగ్గర రోడ్డు పక్కన ఉన్న పొద కొమ్మ తెచ్చాడు. అదే కఫే మరాన్, అదొక్కటే. 1986లో దాని కొమ్మలను విమానంలో లండన్ క్యూ గార్డెన్స్‌కు పంపారు. కొమ్మకు కన్నుంది కాబట్టి వేరు పట్టింది. పూసింది కూడా, కాయ మాత్రం కట్టలేదు. ఏళ్ళ తరబడి పూసి పూసి రాల్చింది. చివరకు 2003లో కార్లోస్ మాగ్దలేనా అనే ఉద్యానవేత్త పువ్వు కీలాగ్రాన్ని బ్లేడుతో కోసి, ఆ కోసిన చోట పుప్పొడి అద్దాడు. అలాంటి ఎన్నో ప్రయత్నాల తర్వాత గింజ వచ్చింది. ఆ గింజల నుంచి పుట్టిన మొక్కలు తిరిగి రోడ్రిగ్స్ నేల చేరాయి.

ఆ పిల్ల మొక్కలు ఇంకో రహస్యం చెప్పాయి. పెద్ద పొద ఆకులు వెడల్పుగా, పచ్చగా ఉంటాయి. పిల్ల మొక్క ఆకులు సన్నగా పొడుగ్గా, గోధుమ రంగు మచ్చలతో ఎండు పుల్లల్లా ఉంటాయి. తాబేలు మెడ అందే ఎత్తు దాటేదాకా పచ్చగా కనబడకుండా దాక్కోవడమని వృక్షశాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. ఆ తాబేళ్ళు ఎప్పుడో అంతరించాయి. మొక్క ఇప్పటికీ వాటి నుంచి దాక్కుంటూనే ఉంది.

అయితే కన్నుతో బతకడంలోనూ ఒక ప్రమాదం ఉంది, అది మన చెరుకు కథే. ముచ్చె నాటితే వచ్చేది పిల్ల కాదు, అదే మొక్క. ఒక రకం చెరుకు వెయ్యి ఎకరాల్లో ఉన్నా, జన్యువుల లెక్కలో అది ఒక్క గడే. 18వ శతాబ్దం చివర్లో తాహితీ దీవి నుంచి వచ్చిన ఒటాహైటీ రకం మారిషస్ తోటలను నింపింది. 1827లో స్లీమన్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి దాన్ని మారిషస్ నుంచి జబల్‌పూర్‌కు తెచ్చాడు. గడ లావు, రసం ఎక్కువ, అందరూ అదే నాటారు. ఆ శతాబ్దం నడిమికి వచ్చేసరికి మారిషస్‌లో అది తెగుళ్ళకు కూలిపోయింది. తర్వాత్తర్వాత కరీబియన్ దీవుల్లోనూ అదే జరిగింది. ఒక మొక్కను పడగొట్టగల తెగులు లక్ష మొక్కలను పడగొట్టగలదు, ఎందుకంటే ఆ లక్షా ఒక్కటే.

చెరుకు గింజ మొలుస్తుందని 1880ల చివర్లో జావాలో, బార్బడోస్‌లో తేలాకే దారి దొరికింది. గింజ అంటే ఇద్దరు తల్లిదండ్రులు, కొత్త కలయిక. మన దేశంలో కోయంబత్తూరులో చెరుకు బాగా పూతకు వస్తుందని 1912లో అక్కడ చెరుకు ప్రజనన కేంద్రం పెట్టారు. చార్లెస్ బార్బర్, టి.ఎస్. వెంకటరామన్ తియ్యటి చెరుకును అడవి గడ్డితో కలిపారు. ఆ గడ్డి ఏదో కాదు, దసరా ముందు మా గోదావరి ఒడ్డున తెల్లటి కుచ్చులతో ఊగే రెల్లు. దాని నుంచి వచ్చిన కో 205 రకాన్ని 1918లో విడుదల చేశారు. తీపి దీవి గడది, మొండితనం ఏటి గడ్డిది. తర్వాత మన దేశంలో వచ్చిన చెరుకు రకాల్లో చాలావాటిలో ఆ రెల్లు రక్తం ఉంది. మాకు దగ్గర్లోని రుద్రూర్ పరిశోధన కేంద్రంలో మళ్ళు చూడటానికి పోయినప్పుడల్లా నాకు ఆ గడ్డే గుర్తుకొస్తుంది. పశువులకు కోసుకొచ్చే గడ్డి అని పక్కకు నెట్టి ఉంటే మన చెరుకు ఏమయ్యేదో.

క్యూర్‌పీప్ చెట్టుకు కలపడానికి సొంత జాతిలో ఇంకో చెట్టే లేదు. అరుదుగా కట్టిన కాయల్లోంచి పిండాన్ని బయటికి తీసి, సీసాలో పోషక ద్రవంలో పెంచడానికి శాస్త్రజ్ఞులు ప్రయత్నించారు. సీసాలో మొలకలు లేచాయి. మట్టిలోకి మార్చాక నిలవలేదు. సీసాలో గాలి తేమగా, సూక్ష్మజీవి అంటకుండా ఉంటుంది. అందులో పెరిగిన ఆకుకు నీటిని ఆపే మైనపు పూత సరిగ్గా ఏర్పడదు, వేరుకు మట్టితో పరిచయం ఉండదు. టిష్యూకల్చర్ అరటి మొక్కలు నాటిన రైతుకు ఈ బాధ తెలుసు. ఆ మొక్కలను నీడ తెరల కింద వారాల తరబడి అలవాటు చేస్తే గానీ పొలంలో పెట్టరు. అరటి మొక్కలు వేలల్లో ఉంటాయి, పది పోయినా పదివేలు మిగులుతాయి. ఇక్కడ ఒక్కో మొలకా ఒక్కో జాతి అంత విలువైనది.

నేను పోయిన రోజు ఆ చెట్టు పూత మీద లేదు. కంచెకు ఆనుకుని తల ఎత్తి చూశాను. పాత మట్ట ఒకటి వాలిపోయి ఉంది. దాని పైన, మట్టల నడుమ, ఇంకా విచ్చుకోని కొత్త మొవ్వాకు లేత పసుపు రంగులో, మడతలు మడతలుగా, వానలో నిటారుగా నిలబడి ఉంది.